ఇంటికి పంపడమా, దగ్గర ఉంచుకోవడమా: ఒక బాలికల గురుకులంలో ఆత్మహత్యా ప్రమాద కేసు

నల్గొండ జిల్లా దేవరకొండ ప్రాంతంలోని ఒక బాలికల గురుకుల పాఠశాలలో పదో తరగతి చదువుతున్న పదిహేనేళ్ల విద్యార్థిని విషయంలో, డిసెంబరు మొదలుకొని మరుసటి జూన్ వరకు జరిగిన పనిని ఇక్కడ నమోదు చేస్తున్నాను. వసతి పాఠశాలలకు వెళ్లి పిల్లలను చూసే క్లినికల్ సైకాలజిస్టుగా ఈ కేసు నా దగ్గరికి వచ్చింది. అమ్మాయిని గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలను మార్చాను. మార్చిన ప్రతిని తల్లికీ కూతురికీ చదివి వినిపించి, ఇద్దరూ సరేనన్న తర్వాతే బయట పెడుతున్నాను. చికిత్సా పద్ధతుల కంటే, ఆ నెలల్లో ఆమె బాధ్యత ఎప్పుడెప్పుడు ఎవరిమీద ఉంది, ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా మారింది అన్నదాని గురించే ఎక్కువగా రాస్తాను. బడి పిల్లల విషయంలో ప్రమాదం అన్నిటికంటే ఎక్కువగా ఉండేది బాధ్యత చేతులు మారే ఆ సందుల్లోనే అని నా అభిప్రాయం.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో ఆత్మహత్యల వల్ల మరణించిన 1,70,924 మందిలో 13,044 మంది విద్యార్థులు. తెలంగాణలో ఈ మాట ఎత్తితే చాలామందికి 2019 ఏప్రిల్ నాటి ఇంటర్ ఫలితాల తర్వాత జరిగిన విద్యార్థుల ఆత్మహత్యలే గుర్తుకొస్తాయి, ఆలోచన వెంటనే మార్కుల మీదికి పోతుంది. ఈ కేసులోనూ మార్కులు ఉన్నాయి గాని, కారణాల వరుసలో అవి చివరన ఉన్నాయి.

ఎలా తెలిసింది

చనిపోవాలన్న ఆలోచన ఆమెకు ఉందన్న విషయం బయటపెట్టింది ఆమె స్నేహితురాలు. రాత్రి స్టడీ అవర్ అయిపోయాక స్టాఫ్ నర్సు దగ్గరికి వెళ్లి, "ఎవ్వరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నది మేడం. చెప్తే ఇగ నాతోని మాట్లాడదంట. అయినా నాకు భయమైతున్నది" అని చెప్పింది. నర్సుకు మానసిక ఆరోగ్యంలో ప్రత్యేక శిక్షణ ఏమీ లేదు, ఒకపూట అవగాహన తరగతికి మాత్రం హాజరైంది. అయినా ఆ రాత్రి ఆమె చేసినవన్నీ సరైన పనులే. అమ్మాయిని డార్మిటరీలో నలుగురి ముందు నిలబెట్టి అడగలేదు, మందలించలేదు, దేవుడి మీద ప్రమాణం చేయించుకోలేదు. కడుపునొప్పికి మాత్ర ఇస్తానని చెప్పి తన గదిలోకి తీసుకువచ్చి, పక్కనే కూర్చొని, హౌస్ టీచరును పిలిపించి, ప్రిన్సిపల్‌కు చెప్పి, నాకు ఫోన్ చేసింది. ఆ రాత్రి అమ్మాయి ఒంటరిగా లేదు.

ఆ తర్వాత ఒక్కొక్కరితో మాట్లాడుతుంటే, అప్పటికే చాలామందికి ఏదో ఒక ముక్క తెలుసునని అర్థమైంది. ఎస్ఏ-1 పరీక్షల్లో మార్కులు పడిపోయిన సంగతి గణితం టీచరుకు తెలుసు. ఇంకా తెల్లవారకముందే లేచి మంచం మీద కూర్చుంటున్న సంగతి హౌస్ టీచరుకు తెలుసు. నర్సు రిజిస్టరులో కడుపునొప్పి, తలనొప్పి అంటూ ఆమె పేరు మాటిమాటికీ కనిపిస్తోంది. ప్లేటులో అన్నం వదిలేస్తున్న సంగతి వంటమనిషి గమనించింది. కొత్త జామెట్రీ బాక్సును, దసరాకు కుట్టించుకున్న లంగా ఓణీని తోటివాళ్లకు ఇచ్చేసి "నాకెందుకు ఇగ" అన్న సంగతి పిల్లలకు తెలుసు. తమ దగ్గరున్న ముక్క తీసుకెళ్లి పెట్టడానికి ఒక చోటంటూ లేకపోవడం వల్ల ఎవరి ముక్క వాళ్ల దగ్గరే ఉండిపోయింది. టీచర్లకు శ్రద్ధ లేదని నేను అనను. ఉదయం స్పెషల్ క్లాసు నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా పనిచేసే మనుషులకు, ఎవరికి చెప్పాలో ముందే తెలియకపోతే, గమనించింది చెప్పే తీరిక ఉండదు.

స్నేహితురాలి గురించి ఒక మాట చెప్పాలి. ఇలాంటి సందర్భాల్లో పెద్దలందరూ ప్రమాదంలో ఉన్న పిల్ల చుట్టూ చేరతారు, రహస్యం మోసిన పిల్ల ఎవరికీ గుర్తుండదు. ఆమె కొన్ని వారాలుగా సరిగా నిద్రపోలేదు. ఒట్టు తప్పానన్న అపరాధభావం ఒకవైపు, తను నిద్రపోతే ఏమైనా జరుగుతుందేమోనన్న భయం ఇంకొకవైపు. మరుసటి రోజే ఆమెతో విడిగా కూర్చొని, ఇకమీదట కాపలా పని ఆమెది కాదని, అది పెద్దల పని అని, ఏ పెద్ద ఏ సమయంలో ఉంటారో కూడా చెప్పి పంపించాను. వసతి పాఠశాలల్లో "నువ్వు దాని పక్కన పడుకో, చూస్తుండు" అని తోటి పిల్లలకు కాపలా అప్పగించే అలవాటు ఉంది. అది ఇద్దరికీ చెరుపే.

మొదటి సంభాషణ

ఆత్మహత్య గురించి నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం టీచర్లలోనే కాదు, కొందరు వైద్యుల్లో కూడా ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో 2,342 మంది హైస్కూలు విద్యార్థులపై జరిపిన అధ్యయనం ఒకటి 2005లో వెలువడింది. అలా అడిగిన పిల్లల్లో, అడగని పిల్లల కంటే బాధ గాని ఆత్మహత్యా ఆలోచనలు గాని పెరగలేదని అందులో తేలింది. అప్పటికే కుంగుబాటుతో ఉన్నవాళ్లకు అడగడం వల్ల కొంత ఉపశమనమే కలిగింది. అందుచేత నేను అడుగుతాను, అయితే మెట్టుమెట్టుగా. ముందు నిద్ర, ఆకలి, చదువు. తర్వాత "అన్నీ ఆగిపోతే బాగుండు, నిద్రలోనే పోతే బాగుండు అనిపిస్తుందా?" అని. దానికి అవునంటే "నిన్ను నువ్వు చంపుకోవాలన్న ఆలోచన వచ్చిందా?" అని. ఆ తర్వాత ఎలా అన్న ఆలోచన ఉందా, చేయాలన్న నిశ్చయం ఉందా, అందుకు ఏమైనా సిద్ధం చేసుకుందా, ఇంతకుముందెప్పుడైనా ప్రయత్నించిందా అన్నవి. ఆత్మహత్యా ప్రమాదాన్ని తెలుసుకోవడానికి వాడే కొలంబియా స్కేలు ప్రశ్నల వరుస ఇదే. కాగితం చూస్తూ చదివితే మాత్రం పిల్లలు నోరు మూసుకుంటారు.

"నిద్రల్నే పోతే మంచిగుండు అనిపిస్తది మేడం. పొద్దున లేస్తే మళ్ల అదే రోజు" అని మొదలుపెట్టింది. చనిపోవాలన్న ఆలోచన దాదాపు రోజూ వస్తోంది. ఎలా అన్నది ఒక ఆలోచనగా ఉంది గాని, దానికి కావలసింది బడిలో లేదు, ఇంట్లో ఉంది. ఇంతకుముందు ప్రయత్నం లేదు. నిశ్చయం గురించి అడిగితే చాలాసేపు ఆగి, "అమ్మ యాదికొస్తే ఆగిపోత" అన్నది.

కారణాలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. తండ్రి బోర్లు వేసి, అవి పడక, ఆ అప్పు తీర్చడానికి హైదరాబాద్‌లో భవన నిర్మాణ పనికి పోయాడు. తల్లి తండాలో ఉండి పత్తి చేను చూసుకుంటోంది. దసరా సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు, పదో తరగతి అయిపోగానే పెళ్లి చేయాలని, ఇంకా చదివిస్తే అంత చదివినవాణ్ని తేవాలి, కట్నం ఎక్కడి నుంచి తేవాలని తండ్రి అన్నాడు. ఇవన్నీ ఇలా ఉండగా అసలైనది వేరే ఉంది. అంతకుముందు ఏడాది ఆమె పెదనాన్న కూతురు ఆత్మహత్య చేసుకుంది. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ అమ్మాయి పేరు ఎత్తలేదు. కానీ ఈమె మౌనంగా కూర్చున్నప్పుడల్లా, "ఇది గూడ అక్క లెక్కనే ఉన్నది" అని పెద్దవాళ్లు అనేవారు. "అందరు అక్క లెక్కనే అన్నరు మేడం. అయితే నేను గూడ అట్లనే పోతనేమో అనుకున్న." ఈ వాక్యం విన్నాక మార్కుల గురించి నేను ఆ రోజు ఇక అడగలేదు. కుటుంబంలోనో స్నేహితుల్లోనో ఒక ఆత్మహత్య జరిగినప్పుడు, మిగిలిన పిల్లలకు దాని గురించి మాట్లాడే అవకాశం లేకుండా పోలిక మాత్రం అంటగడితే, అది జోస్యంలా పనిచేస్తుంది.

ప్రమాదం ఏ స్థాయిలో ఉందని ప్రిన్సిపల్ అడిగారు. తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు గడుల్లో ఏదో ఒకదానిలో టిక్కు పెట్టి ఇవ్వమని అన్ని సంస్థలూ అడుగుతాయి. ఆత్మహత్యల ప్రమాద కారకాలపై యాభై ఏళ్లలో జరిగిన 365 అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి విశ్లేషణ ప్రకారం, మన అంచనాల కచ్చితత్వం గుడ్డిగా చెప్పినదానికంటే ఏమంత మెరుగు కాదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2022 మార్గదర్శకాల్లో, స్కోర్లతో ప్రమాదాన్ని ముందే చెప్పబోవద్దని, దాని ఆధారంగా ఎవరికి చికిత్స ఇవ్వాలో నిర్ణయించవద్దని స్పష్టంగా ఉంది. అందువల్ల నేను గడిలో టిక్కు పెట్టకుండా, ఈ అమ్మాయికి ఏ పరిస్థితుల్లో ప్రమాదం పెరుగుతుందో రాసి ఇచ్చాను: ఇంటికి వెళ్లినప్పుడు, పెళ్లి మాట వచ్చినప్పుడు, అక్క చనిపోయిన రోజులు దగ్గరపడినప్పుడు, నలుగురిలో మార్కులు చదివినప్పుడు, నిద్ర లేని రాత్రుల్లో.

ప్రిన్సిపల్ గదిలో

ఈ కేసు మొత్తంలో కష్టమైన భాగం అమ్మాయితో మాట్లాడటం కాదు, ఆ మధ్యాహ్నం ప్రిన్సిపల్ గదిలో జరిగిన చర్చ. ఆమె పిల్లలంటే ప్రేమ ఉన్న మనిషే. కానీ ఆమె మొదటి మాట, "వాళ్ల బాబాయిని పిలిపించి సాయంత్రానికి ఇంటికి పంపించేద్దాం మేడం. ఇక్కడ ఏమన్నా అయితే రేపు గేటు ముందు టెంటు వేస్తారు." ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయలేను. వసతి పాఠశాలలో ఒక పిల్ల చనిపోతే ధర్నా జరుగుతుంది, విచారణకు ముందే సస్పెన్షన్ ఉత్తర్వులు వస్తాయి, పత్రికల్లో పేర్లు వస్తాయి. ఇంత భయం ఉన్న చోట, పిల్లను గేటు దాటించి రిజిస్టరులో సంతకం తీసుకోవడమే భద్రత అనిపించడం సహజం. అది సంస్థకు భద్రత. పిల్లకు మాత్రం సరిగ్గా దానికి వ్యతిరేకం.

నేను చెప్పినది ఇది. ఆమెకు బాధ కలిగించే విషయాలు ఇంట్లో ఉన్నాయి, ఆమె ఆలోచనలో ఉన్న సాధనం ఇంట్లో ఉంది, తల్లి పగలంతా పత్తి ఏరుడుకు వెళ్తుంది, తండ్రి ఊళ్లో లేడు. బడిలో రాత్రింబవళ్లు పెద్దవాళ్లు ఉన్నారు, ఆమెను గమనించి పట్టించుకున్న స్నేహితురాలు ఉంది, నర్సు ఉంది. ఈ స్థితిలో ఇంటికి పంపడమంటే, చూసుకునేవాళ్ల దగ్గర నుంచి తీసి ఒంటరితనానికి అప్పగించడమే. పైగా, మనసులోని మాట చెప్పినందుకు బడి నుంచి వెళ్లగొట్టారన్న సంగతి రేపు డార్మిటరీ అంతటికీ తెలుస్తుంది, ఇంకో పిల్ల ఎప్పుడూ నోరు విప్పదు. ఇంటికి వెళ్లడమే మంచిదనిపించే కేసులు కూడా ఉంటాయి, బడిలోనే వేధింపు ఉన్నప్పుడు ముఖ్యంగా. ఇది అటువంటిది కాదు.

పోలీసు కేసు అవుతుందా అన్న అనుమానం తర్వాత వచ్చింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్, ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలని, శిక్షించకూడదని చెబుతుంది. వాళ్లకు సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదని కూడా అదే సెక్షన్‌లో ఉంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్‌కు చోటే లేదు, ప్రభుత్వోద్యోగిని బలవంతపెట్టడానికి చేసే ప్రయత్నానికి మాత్రమే శిక్ష ఉంది. ఆలోచన వచ్చిందని చెప్పిన పిల్ల విషయంలో కేసు అన్న ప్రశ్నే తలెత్తదు. మన చట్టాలు మన సంస్థల భయాల కంటే చాలా ముందున్నాయి.

ఇక ప్రాణహాని చేసుకోనని అమ్మాయి చేత, బాధ్యత మాదేనని తల్లి చేత హామీ పత్రం రాయించుకుందామన్నారు. అలాంటి పత్రాలు ప్రాణాలు కాపాడతాయని చూపే ఆధారం లేదు. సంతకం పెట్టిన పిల్ల, మళ్లీ ఆలోచన వచ్చినప్పుడు మాట తప్పినదాన్ని అవుతానన్న భయంతో దాచుకుంటుంది. దాని బదులు ఎవరు ఏ సమయంలో ఉంటారో రాసుకుందామన్నాను. ప్రిన్సిపల్ కొంతసేపు ఆలోచించి, "వారం రోజులు చూద్దాం" అన్నారు. ఆ వారం గడిచాక ఇంటికి పంపే మాట ఆమె మళ్లీ ఎత్తలేదు.

ఆ రాత్రి నుంచే అమ్మాయి మంచాన్ని హౌస్ టీచరు గదికి ఆనుకొని ఉన్న వరుసలోకి మార్చారు, స్నేహితురాలి మంచం కూడా అక్కడికే. సిక్ రూములో ఒంటరిగా పడుకోబెట్టలేదు. మందుల బీరువాకు, మేడ మీది తలుపుకు తాళాలు సరిచూసుకున్నారు. విషయం పూర్తిగా తెలిసినవాళ్లు ప్రిన్సిపల్, హౌస్ టీచరు, నర్సు మాత్రమే. గణితం టీచరుకు "ఆరోగ్యం బాగాలేదు, క్లాసులో లేపి అడగవద్దు" అని మాత్రమే చెప్పాం. స్టాఫ్ రూములో ఈ విషయం చర్చకు రాకూడదని ప్రిన్సిపల్ గట్టిగా చెప్పారు, ఆ మాట నిలబెట్టారు కూడా.

తల్లి

తల్లిని రమ్మని చెప్పేటప్పుడు ఫోన్లో కారణం చెప్పలేదు. "పిల్ల బాగానే ఉంది, నిద్ర పట్టడం లేదు, డాక్టరుకు చూపిద్దాం, మీరు రావాలి" అని మాత్రమే చెప్పమన్నాను. దారి పొడవునా ఏం విన్నదో తలచుకుంటూ బస్సులో వచ్చే మనిషికి అంతకంటే ఎక్కువ చెప్పడం క్రూరత్వం.

ఆమెకు తెలుగు వచ్చు గాని, మనసులోని మాట చెప్పుకునేంతగా రాదు. ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. అలాంటప్పుడు మనవాళ్లు పిల్లనే దుబాసీగా కూర్చోబెడతారు: తన చావు ఆలోచనను తానే తల్లికి తర్జుమా చేసి చెప్పాలన్నమాట. ఆ ప్రాంతపు ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేసే, ఆ భాష వచ్చిన ఏఎన్ఎంను పిలిపించాం. ఆమెది ఆ తండా కాదని, అక్కడ చుట్టరికం లేదని ముందే కనుక్కున్నాం. తల్లి మొదట ఏడ్చింది, తర్వాత కోపగించుకుంది, చివరికి చనిపోయిన ఆ పెదనాన్న కూతురి గురించి తనంతట తానే మాట్లాడింది. ఆ మాటలు జరుగుతున్నప్పుడు కూతురిని లోపలికి పిలిచాం. "యాడీ" అని పిలిచి తల్లి ఒళ్లో తల పెట్టుకున్న ఆ పిల్లకు ఆ ఏడాది మొత్తంలో అక్క గురించి ఇంటి మనిషి నోట విన్న మొదటి మాట అది.

ఆస్పత్రి

నల్గొండ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలోని మానసిక వైద్య విభాగానికి తల్లితోపాటు హౌస్ టీచరు కూడా వెళ్లింది. మధ్యస్థ స్థాయి కుంగుబాటు అని వైద్యుడు నిర్ధారించారు. రక్తపరీక్షలో రక్తహీనత కనబడింది, దానికి ఐరన్ మాత్రలు మొదలయ్యాయి. కుంగుబాటుకు తక్కువ మోతాదులో ఫ్లూఆక్సెటిన్ రాశారు. ఈ తరగతి మందులు పిల్లల్లో, కౌమారంలో ఉన్నవాళ్లలో తొలి వారాల్లో ఆత్మహత్యా ఆలోచనలను పెంచవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లోనే హెచ్చరిక పెట్టింది. అందువల్ల మందు మానడం కాకుండా, ఆ వారాల్లో దగ్గరగా చూడటం అవసరం. అసహనం, నిద్ర పూర్తిగా పోవడం, కుదురుగా కూర్చోలేకపోవడం కనిపిస్తే వెంటనే ఫోన్ చేయాలని నర్సుకు రాసిచ్చాం. మాత్రలు నర్సు దగ్గరే ఉంటాయి, ఏ రోజుది ఆ రోజే ఇస్తుంది.

భద్రతా ప్రణాళిక

బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ రూపొందించిన భద్రతా ప్రణాళిక పద్ధతినే వాడాను. ప్రమాద సంకేతాలు, తనంతట తాను చేసుకోగలిగినవి, మనసు మళ్లించే మనుషులు, చోట్లు, సాయం అడగగలిగినవాళ్లు, వైద్య సహాయం, పరిసరాల భద్రత అన్నవి అందులో వరుసగా వస్తాయి. పెద్దలు రాసిచ్చిన ప్రణాళిక పెద్దలకే ఉపయోగం, కాబట్టి ఆమె మాటల్లోనే రాయించాను. సంకేతాల కింద "గుండె దడదడ, బాత్రూంల శానసేపు నిలబడుడు, ఎవరు పిల్చినా వినబడకపోవుడు" అని రాసింది. తాను చేసుకోగలిగినవాటిలో చన్నీళ్లతో ముఖం కడుక్కోవడం, వంటగది వెనక మొక్కలకు నీళ్లు పోయడం, తల్లి పాడే తీజ్ పాటలు మెల్లగా పాడుకోవడం ఉన్నాయి. సాయం అడిగేవాళ్ల పేర్లలో హౌస్ టీచరును కాకుండా వంటమనిషిని మొదట రాసింది. నేను మార్చమనలేదు, వంటమనిషిని పిలిచి ఆమెకు ఏం చేయాలో నేర్పించాం. ఆ తర్వాత 14416. 2022 అక్టోబరు 10న మొదలైన, మానసిక ఆరోగ్యానికి సంబంధించిన ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు అది. రోజంతా ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు, కీప్యాడ్ ఫోన్ నుంచి కూడా కలుస్తుంది. ఆ నంబరుకు నా ముందే ఒకసారి ఫోన్ చేయించాను. ఎప్పుడూ చేయని నంబరుకు కష్టకాలంలో ఎవరూ చేయరు.

సంక్రాంతి

జనవరిలో సెలవులు వచ్చాయి. పిల్లలందరూ వెళ్తుంటే ఈమెను ఆపితే అది శిక్షవుతుంది. కాబట్టి పంపించాం, కానీ అప్పగించి పంపించాం.

పత్తి పంట అయిపోతున్న కాలంలో మన ఊళ్లలో ప్రతి ఇంట్లోనూ మిగిలిన పురుగుమందు డబ్బాలు గోడమూలనో, కొట్టంలోనో, దూలం సందులోనో ఉంటాయి. వాటికి తాళం పెట్టె ఇస్తే సరిపోతుందని చాలాకాలం అనుకున్నారు. శ్రీలంక గ్రామాల్లో పెద్ద ఎత్తున ఇళ్లకు తాళం పెట్టెలు పంచి చేసిన పరిశోధన ఫలితాలు 2017లో వచ్చాయి. ఆ పెట్టెల వల్ల తగ్గుదల ఏమీ కనబడలేదు. అదే దేశంలో అత్యంత విషపూరితమైన పురుగుమందులను విడతలవారీగా నిషేధించడం వల్ల ఆత్మహత్యల మరణాల రేటు కొన్ని దశాబ్దాల్లో దాదాపు 70 శాతం తగ్గింది. నిషేధం నా చేతిలో లేదు. తాళం మీద నాకు నమ్మకం లేదు. అందుకని డబ్బాలు ఇంట్లోనే ఉండకూడదని తల్లితో చెప్పాం. ఊరవతల వేరే రైతు కొట్టంలోకి వాటిని చేర్చడానికి ఆశా కార్యకర్త సాయం చేసింది, పిల్ల ఇంటికి చేరకముందే ఒకసారి వెళ్లి చూసి వచ్చింది. ఇరుగుపొరుగు అడిగితే, చిన్నపిల్లలు తిరిగే ఇల్లు కాబట్టి అని చెప్పమన్నాం.

సెలవులకు సరిపడా మాత్రలు మాత్రమే తల్లి చేతికి ఇచ్చి, ఎక్కడ దాచాలో చెప్పాం. పండుగకు తండ్రి వస్తాడు, పెళ్లి మాట వస్తుంది, అప్పుడు ఎవరు ఏం అనాలో తల్లితో ముందే మాట్లాడుకున్నాం. "అక్క లెక్కనే" అన్న మాట ఇంట్లో ఎవరూ అనకుండా చూడమని ప్రత్యేకంగా చెప్పాం. రోజు విడిచి రోజు సాయంత్రం హౌస్ టీచరు ఫోన్ చేసేది. తండాలో సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి ఫలానా సమయానికి తల్లీకూతుళ్లు నీళ్ల ట్యాంకు దగ్గరికి రావాలన్న ఏర్పాటు చేసుకున్నారు. తిరిగి బడికి వచ్చిన సాయంత్రమే నర్సు ఆమెతో కూర్చొని మాట్లాడింది. అంత చేసినా, ఆ సెలవుల్లో ఒక రాత్రి ఆలోచన బలంగా వచ్చిందని అప్పుడు చెప్పింది. తల్లిని లేపిందట. లేపిన తర్వాత ఇద్దరూ బయట మంటేసుకొని కూర్చున్నారట.

పెళ్లి మాట

తండ్రితో మాట్లాడే పనిని నేను తీసుకోలేదు. కూతురిని పిచ్చిదాన్ని చేస్తున్నారని ఆయన అప్పటికే ఏఎన్ఎంతో అన్నాడు. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ఉంది, పిల్లల సహాయ ఫోన్ నంబరు 1098 ఉంది. నిశ్చితార్థం దాకా వస్తే వాటిని వాడటానికి సిద్ధంగానే ఉన్నాం, ఆ సంగతి తల్లికీ తెలుసు. కానీ మాటల దశలోనే చట్టం చూపి బెదిరిస్తే, ఇంటి పరువు తీసింది అన్న నింద అమ్మాయి మీద పడుతుంది. అంగన్‌వాడీలను పర్యవేక్షించే ఐసీడీఎస్ సూపర్‌వైజర్ తండాలో మామూలు సమావేశం పెట్టి, అందరికీ చెప్పినట్టుగా, ఆడపిల్ల పెళ్లికి ప్రభుత్వం ఇచ్చే కల్యాణలక్ష్మి సాయం సంగతి చెప్పింది: 1,00,116 రూపాయలు రావాలంటే పిల్లకు పద్దెనిమిదేళ్లు నిండాలి. అప్పుల్లో ఉన్న తండ్రికి ఆ లెక్క అర్థమైంది. ఆయన మనసు మారిందని నేను చెప్పను, వాయిదా వేశాడు. మూడేళ్ల వాయిదా మాకు చాలు.

తోటి పిల్లలు

ఈ కేసు తర్వాత టీచర్లందరికీ ఒకరోజు శిక్షణ పెట్టించమని పాఠశాల అడిగింది. నేను ఆ సమయాన్ని పిల్లలకు ఇమ్మన్నాను. యూరప్‌లోని పది దేశాల్లో 168 పాఠశాలల్లో పదకొండు వేల మందికి పైగా విద్యార్థులపై జరిగిన సేల్ అధ్యయనం ఫలితాలు 2015లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. ఉపాధ్యాయులకు సంకేతాలు గుర్తించడం నేర్పిన పాఠశాలల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పిల్లలతోనే చర్చలు, పాత్రాభినయం చేయించిన పాఠశాలల్లో ఏడాది తర్వాత ఆత్మహత్యాయత్నాలు సుమారు సగానికి తగ్గాయి. బీహార్‌లోని నలందా జిల్లాలో జరిగిన సెహెర్ అధ్యయనంలో, ఒకే కార్యక్రమాన్ని ఉపాధ్యాయులు నడిపినప్పుడు రాని మేలు, కౌన్సెలింగ్ కోసమే పెట్టిన స్థానిక యువతీయువకులు నడిపినప్పుడు వచ్చింది. మార్కులు వేసే మనిషికి పిల్లలు మనసు చెప్పుకోరన్నది నా అనుభవం కూడా. నూరు మంది, అంతకుమించి విద్యార్థులున్న సంస్థలు అర్హత ఉన్న కౌన్సిలర్‌ను పెట్టుకోవాలని సుప్రీంకోర్టు 2025 జూలైలో ఇచ్చిన మార్గదర్శకాలు అమలైతే ఈ లోటు కొంత తీరుతుంది.

తొమ్మిది, పది తరగతుల పిల్లలను చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, ఒట్టు పెట్టించుకున్న స్నేహితురాలి విషయంలో ఏం చేస్తారన్న సన్నివేశాన్ని వాళ్లచేతనే ఆడించాం. బడిలోని ఘటన ఎక్కడా ప్రస్తావించలేదు. నర్సు గదిలో ఒక నోటుపుస్తకం పెట్టాం. ఏ పిల్ల గురించైనా ఎవరికైనా ఏదైనా తోస్తే నర్సుకు చెప్పాలి, ఆమె అందులో ఒక్క వాక్యం రాసుకొని, వారానికోసారి హౌస్ టీచరుతో కలిసి చూస్తుంది. వంటమనిషి చెప్పినవే అందులో ఎక్కువ.

పరీక్షలు, ఫలితాలు, ఆ తర్వాత

ఫిబ్రవరి నాటికి నిద్ర, ఆకలి కుదుటపడ్డాయి, చనిపోవాలన్న ఆలోచనలు అరుదయ్యాయి. స్లిప్ టెస్టుల మార్కులు క్లాసులో గట్టిగా చదివే పద్ధతిని పదో తరగతి మొత్తానికి మాన్పించారు. ఆమె ఒక్కదానికే మానేస్తే అందరికీ తెలిసిపోయేది. పరీక్షలకు ముందే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ అంటే ఏమిటో, తప్పినా ఏడాది పోదన్న సంగతి తల్లికీ కూతురికీ వివరించాం. ఫలితాల రోజున నెట్‌లో ఎవరూ ఒంటరిగా చూసుకోకుండా, హౌస్ టీచరు ముందే చూసి ఫోన్ చేసి చెప్పాలని, ఆ సమయానికి తల్లి పక్కన ఉండాలని అనుకున్నాం. అలాగే జరిగింది. ఆమె ఆశించినదానికంటే గణితంలో తక్కువ వచ్చాయి, పాసైంది. ఆ సాయంత్రం మళ్లీ నిద్ర పట్టలేదని ఆమే నర్సుకు ఫోన్ చేసి చెప్పింది.

జూన్‌లో వేరే జిల్లాలోని గురుకుల జూనియర్ కాలేజీలో బైపీసీలో చేరింది. ఈ కేసులో నాకు ఇంకా ఆందోళన ఉన్నది ఇక్కడే. పాత బడిలో అలవాటైన మనుషులు ఎవరూ అక్కడ లేరు, స్నేహితురాలు వేరే చోట చేరింది, అక్కడి సిబ్బందికి ఏమీ తెలియదు. అమ్మాయిని అడిగాను, ఎవరికి ఎంతవరకు చెప్పవచ్చని. ప్రిన్సిపల్‌కు వద్దని, అక్కడి నర్సుకు మాత్రం చెప్పమని అంది. పాత నర్సు, కొత్త నర్సు, తల్లి, అమ్మాయి కలిసి స్పీకర్ ఫోన్లో మాట్లాడారు. భద్రతా ప్రణాళికను కొత్త పేర్లతో మళ్లీ రాయించాం, వంటమనిషి పేరు ఉన్న చోట ప్రస్తుతానికి ఖాళీగా ఉంది. లక్షణాలు తగ్గాక కూడా ఆరు నెలలకు తక్కువ కాకుండా మందు కొనసాగించాలన్నది వైద్యుడి మాట. దసరా సెలవులకు ముందు నల్గొండలో మళ్లీ చూపించడానికి తేదీ తీసుకున్నాం, ఆ సెలవుల అప్పగింత గురించి కొత్త నర్సుతో సెప్టెంబరులోనే మాట్లాడాలని ఫైలులో రాసిపెట్టాను.